వైసు తిరిగేదా, హెడ్డు తిరిగేదా? 45 డిగ్రీల కోతల కోసం బ్యాండ్‌సా ఎంచుకునే ముందు

గేటు ఫ్రేము నాలుగు ముక్కలూ నేల మీద పేర్చితే మూడు మూలలు చక్కగా కలిసి, నాలుగో మూల దగ్గర 5 మి.మీ. సందు తేలడం ఫ్యాబ్రికేషన్ చేసే ప్రతి ఒక్కరికీ తెలిసిన బాధే. చాలా షెడ్లలో ఆ సందులో ఒక రాడ్డు ముక్క పెట్టి, వెల్డింగ్ నింపి, గ్రైండర్‌తో రుద్ది, లప్పం పట్టించి రంగు వేసేస్తారు. నేనూ చాలాకాలం అలాగే చేశాను. పైకి ఏమీ కనిపించదు. కానీ ఎక్కువ వెల్డింగ్ పడిన మూల చల్లారేటప్పుడు ఎక్కువగా లాగుతుంది. దాంతో తలుపు మెలి తిరుగుతుంది, గడియ దాని గాడిలో పడదు. ట్యూబు 16 గేజిదైతే, అంటే గోడ మందం 1.6 మి.మీ. మాత్రమే ఉంటే, సందు నింపబోయి బొక్క పెట్టుకోవడం మామూలే.

తప్పు నాలుగో మూలలో లేదు. ఫ్రేములో ఉన్నవి ఎనిమిది కోతలు. ఒక్కో కోతలో అర డిగ్రీ తేడా ఒకే వైపు వస్తే ఎనిమిదింటికీ కలిపి 4 డిగ్రీలు. మూడు మూలలను బలవంతంగా మూస్తే ఆ 4 డిగ్రీలూ నాలుగో మూలకు చేరతాయి. 50 మి.మీ. ట్యూబును 45లో కోస్తే కోత పొడవు 70.7 మి.మీ. అంత పొడవు మీద 4 డిగ్రీలంటే దాదాపు 5 మి.మీ. ఆ సందు అలా పుడుతుంది.

అందుకే బ్యాండ్‌సా (పళ్లున్న ఉక్కు పట్టీ చక్రాల మీద తిరుగుతూ ఇనుమును కోసే మెషీన్) కొనబోయేవాళ్లకు ముందుగా చెప్పేది: మెషీన్ మీద చెక్కిన డిగ్రీల స్కేలు చూసి నిర్ణయం తీసుకోకండి. చిన్న మెషీన్లలో ఆ గీతలు అంచనాకే పనికొస్తాయి. చూడాల్సినవి వేరు. కోణం పెట్టడానికి మెషీన్‌లో ఏ భాగం తిరుగుతోంది, తిరిగిన భాగం కోత పూర్తయ్యేదాకా అక్కడే నిలుస్తుందా, మీ షెడ్డులో అది తిరగడానికి చోటుందా. ఈ మూడింటిని బట్టే నేను మెషీన్లను పోలుస్తాను.

బ్యాండ్‌సా కాకుండా ఉన్న దారులు

చాలామంది దగ్గర ఇప్పటికే 14 అంగుళాల కటింగ్ వీల్ మెషీన్ ఉంటుంది. దాని చక్రం దాదాపు 3 మి.మీ. మందం ఉంటుంది, ఒత్తిడి పెంచితే పక్కకు వంగుతుంది. పైన 45 ఉన్న కోత కింద మరోలా ఉండటానికి అదే ముఖ్య కారణం. రవ్వలు ఎగురుతాయి, కోత అంచు నీలం రంగుకు తిరుగుతుంది, పొర మిగులుతుంది. కాంక్రీటు రాడ్లు, గట్టిపడిన స్ప్రింగు ఉక్కు కోయడానికి ఈ మెషీన్‌ను ఉంచుకోండి. మూలలు కలవాల్సిన పనికి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

రెండో దారి కార్బైడ్ పళ్ల చక్రంతో చల్లగా కోసే డ్రై కట్ మెషీన్. దీన్ని తక్కువ చేసి మాట్లాడను. 75 మి.మీ. లోపు ఎం.ఎస్. (మెత్తని ఉక్కు) ట్యూబులు, ఎప్పుడూ 45 కోతలే ఉన్న షెడ్డుకు నాసిరకం బ్యాండ్‌సా కంటే ఇదే మెరుగు. చక్రం గట్టిగా ఉంటుంది కాబట్టి వంగదు, కోసిన ముఖం నున్నగా ఉంటుంది, ముక్కకు కొన్ని సెకన్లు చాలు. కష్టమల్లా చప్పుడు. పక్కన ఇళ్లున్న వీధిలో సాయంత్రం ఆరు తర్వాత దాన్ని నడపలేం. పళ్లు ఒక్కసారి చిట్లితే కొత్త చక్రం ఖర్చు బాగా తగులుతుంది. ఒక హెచ్చరిక కూడా: కార్బైడ్ చక్రాన్ని కొని పాత కటింగ్ వీల్ మెషీన్‌కు బిగించాలన్న ఆలోచన ప్రాణాల మీదికి తెస్తుంది. కటింగ్ వీల్ మెషీన్ నిమిషానికి సుమారు 3,800 చుట్లు తిరుగుతుంది. డ్రై కట్ మెషీన్ దాదాపు 1,300 నుంచి 1,500 చుట్లే. ఎక్కువ వేగంలో ఆ పళ్లు ఊడి ఎగురుతాయి.

చేతిలో పట్టుకునే చిన్న బ్యాండ్‌సాను స్టాండుకు బిగించి వాడేవాళ్లూ ఉన్నారు. సైటు పనికి అది బంగారం. కానీ దాని కోణం ఆ స్టాండు మడత ఎంత గట్టిగా ఉందో అంతే, పైగా బ్లేడు పలచన. సైటులో రెయిలింగ్ గొట్టాలు కోసుకోవడానికి తీసుకోండి. షెడ్డులో అదొక్కటే మెషీన్ అనుకుని మాత్రం తీసుకోకండి.

ఇన్ని ఉండగా బ్యాండ్‌సా ఎందుకంటే, ఒకే మెషీన్‌లో 20 మి.మీ. ట్యూబు, 100 మి.మీ. చానల్, 60 మి.మీ. నిండు రాడ్డు అన్నీ కోయవచ్చు. రవ్వలు ఎగరవు, చప్పుడు తక్కువ. ముక్క తెగగానే స్విచ్ ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది కాబట్టి అది కోస్తుండగా మనం పక్కన మార్కింగ్ చేసుకోవచ్చు. ఇద్దరు మనుషులున్న షెడ్డుకు అది మూడో మనిషితో సమానం.

వైసు తిరిగితే ఏమవుతుంది

చిన్న అడ్డం బ్యాండ్‌సాల్లో ఎక్కువ భాగం ఈ రకమే. హెడ్డు, అంటే బ్లేడు ఉన్న పై భాగం, ఒక్క కీలు మీద పైకి కిందికి మాత్రమే కదులుతుంది. కోణం కావాలంటే వైసు (ట్యూబును రెండు దవడల మధ్య పట్టి ఉంచే బిగింపు) స్థిర దవడ బోల్టు వదులు చేసి, దాన్ని తిప్పి మళ్లీ బిగించాలి. అంటే బ్లేడు దిశ మారదు, ట్యూబు వంకరగా పడుకుంటుంది.

ఇక్కడే చోటు సమస్య మొదలవుతుంది. మన మార్కెట్లో ట్యూబు 6 మీటర్ల నిడివిలో, అంటే దాదాపు 20 అడుగులుగా వస్తుంది. నిండు ట్యూబును 45లో పెడితే దాని తోక పక్కకు 4.24 మీటర్లు, అంటే దాదాపు 14 అడుగులు జరుగుతుంది. నా షెడ్డు వెడల్పు 12 అడుగులు. మొదటి రోజే ట్యూబు చివర గోడకు తగిలింది. షట్టరు వైపు తిప్పితే రోడ్డు మీదికి పోయింది. అలా వంకరగా వేలాడే ట్యూబు కింద రోలర్ స్టాండు పెట్టాలన్నా కోణం మారిన ప్రతిసారీ స్టాండును కొత్త చోటికి జరపాలి. స్టాండు ఎత్తు 5 మి.మీ. తేడా ఉన్నా ట్యూబు బెడ్ (మెషీన్ బల్ల) మీద నుంచి లేస్తుంది, కోత పక్కకు వాలుతుంది.

దీనికి షెడ్లలో పాటించే ఉపాయం ఒకటుంది. ముందు నిండు ట్యూబును తిన్నగా ముక్కలు చేసుకుని, తర్వాత ఆ చిన్న ముక్కలకు కోణం కోయడం. పని జరుగుతుంది. కాకపోతే ఒక్కో ముక్కకు అదనంగా కోత పడుతుంది, ముక్కకు కొన్ని మిల్లీమీటర్ల ఇనుము పోతుంది, సమయం దాదాపు రెట్టింపు. నెలకు నాలుగు గేట్లు చేసేవాళ్లకు అది లెక్కలోకి రాదు. రోజూ కిటికీ గ్రిల్ ఫ్రేములు చేసేవాళ్లకు తప్పకుండా వస్తుంది.

ఈ రకం బలం దాని సాదాతనంలోనే ఉంది. కదిలే కీలు ఒక్కటే కాబట్టి 90 కోత, అంటే తిన్నని కోత, ఒకసారి సరిచేస్తే నెలల తరబడి చెదరదు. రిపేరు మన చేతుల్లోనే ఉంటుంది. సింగిల్ ఫేజు కరెంటు చాలు.

ఇంకో పరిమితి: వైసు మామూలుగా 45 వరకే, అదీ ఒకే వైపు తిరుగుతుంది. చదరపు ట్యూబుకు ఇది అడ్డు కాదు. ఒక చివర కోశాక ట్యూబును దాని మీద అదే తిప్పి బోర్లా పెడితే, అదే సెట్టింగుతో రెండో చివర ఎదురు వాలు వస్తుంది. ఫ్లాట్‌కూ అంతే. ఎల్ యాంగిల్ దగ్గర మాత్రం ఇది కుదరదు. యాంగిల్‌ను ఒక రెక్క బెడ్ మీద పరిచి, రెండో రెక్కను స్థిర దవడకు ఆనించి కోయాలి. బోర్లా పెడితే పరుచుకున్న రెక్క గాలిలోకి లేస్తుంది, దాని కింద సరైన ఎత్తు దిమ్మ పెట్టకపోతే నిలవదు. తిన్నని కోతకు యాంగిల్‌ను గుడారంలా బోర్లించి కోయడం మంచిదే, కానీ కోణం కోతలో అలా పెడితే అనుకున్న కోణం రాదు.

హెడ్డు తిరిగితే

ఇందులో ట్యూబు ఎప్పుడూ తిన్నగానే ఉంటుంది. హెడ్డు మొత్తం ఒక గుండ్రని పళ్లెం మీద తిరిగి, కావలసిన కోణం దగ్గర పిడితో బిగుసుకుంటుంది. రోలర్లను ఒక్కసారి వరసగా పాతేస్తే మళ్లీ కదిలించే పనిలేదు. 12 అడుగుల షెడ్డులో 20 అడుగుల ట్యూబును లోతు వైపు పొడవునా పెట్టి, 90, 45, మళ్లీ 90 మార్చుకుంటూ కోసుకోవచ్చు. నా లెక్కలో ఈ రకానికి ఎక్కువ డబ్బు పెట్టడానికి ఇదొక్కటే సరిపోయే కారణం. ఎక్కువమంది ఈ సంగతి కొన్న తర్వాతే గమనిస్తారు.

హెడ్డు ఎక్కువగా ఒక వైపు 45 నుంచి 60 వరకు తిరుగుతుంది. రెండు వైపులా తిరిగే మోడళ్ల ధర ఎక్కువ. చదరపు ట్యూబులే కోసేవాళ్లకు ఆ అదనపు ఖర్చు అవసరం లేదు. యాంగిల్ ఫ్రేములు, చానల్ స్టాండులు ఎక్కువగా చేసేవాళ్లకు అదే అసలు సుఖం. రేకుల షెడ్డు ట్రస్సుల్లో 45 దాటిన కోతలు వస్తాయి, అక్కడ 60 వరకు తిరగడం కూడా పనికొస్తుంది.

ఇక లోపాల సంగతి. తిరిగే పళ్లెం అంటే ఇంకో కీలు చేరినట్టే. కీలు ఉన్నచోట లూజు ఉండొచ్చు. హెడ్డు కిందికి దిగేటప్పుడు దాని బరువు, బ్లేడు లాగుడు రెండూ ఆ పళ్లెం మీదే పడతాయి. పిడి బిగుతు చాలకపోతే కోత మధ్యలో కొద్దిగా జరుగుతుంది, మనకు ముక్క విడిపోయాకగానీ తెలియదు. రెండోది, పళ్లెం తిరిగే కేంద్రం బ్లేడు కోసే గీత మీద లేకపోతే, 90లో పెట్టుకున్న పొడవు స్టాపు (ముక్క పొడవు కోసం ట్యూబు కొసకు పెట్టే ఆపు) 45కు పనికిరాదు. కోణం మార్చిన ప్రతిసారీ కొలత మళ్లీ తీయాలి. కొనే ముందు ఇది తప్పకుండా చూడండి: బెడ్ మీద ఒక గీత గీసి, హెడ్డు 90లో దించి, 45లో దించి, రెండుసార్లూ బ్లేడు ఆ గీతను ఒకే చోట దాటుతుందా లేదా గమనించండి.

రెండు రకాల్లోనూ 45లో పట్టే సైజు తగ్గుతుంది. కోత వెడల్పు 1.41 రెట్లు పెరుగుతుంది కాబట్టి 90లో 150 మి.మీ. వెడల్పు పట్టే మెషీన్ 45లో మూడింట రెండు వంతులు పట్టడమూ కష్టమే. కేటలాగులో 45 దగ్గర రాసిన సైజు చూడండి, పెద్ద అక్షరాల్లో ఉన్న సైజు కాదు.

వైసు రకంతోనే సరిపెట్టుకునేవాళ్లకు

తక్కువ ధర మెషీన్లో 45 పెట్టి బిగించి, మొదటి ముక్క మూలమట్టానికి సరిపోయి, పదో ముక్కకు తేడా వస్తోందంటే స్థిర దవడ జరుగుతోందని అర్థం. దవడను పట్టుకునేది ఒక తిరుగుడు బోల్టు, గాడిలో ఇంకో బోల్టు. ట్యూబును బిగించిన ప్రతిసారీ ఆ ఒత్తిడంతా దవడను వెనక్కి నెడుతుంది. బోల్టును పెద్ద పానాతో ఎంత బిగించినా రాపిడి మీదే నిలబడి ఉంటుంది.

నా షెడ్డులో దీనికి చేసిన మార్పు పిన్ను. దవడను కచ్చితంగా 45లో కూర్చోబెట్టి బిగించి, దవడ అంచునూ బెడ్‌నూ కలిపి ఒకే రంధ్రం వేసి, రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకు తెచ్చే పనిముట్టు) తిప్పి, 8 మి.మీ. గట్టి డోవెల్ పిన్ను (గుండ్రని ఉక్కు చీల) దించాను. 90కి ఇంకో రంధ్రం. ఇప్పుడు ఒత్తిడి పిన్ను మీద పడుతుంది, కోణం మార్చాలంటే పిన్ను తీసి ఇంకో రంధ్రంలో వేస్తే చాలు, స్కేలు వైపు చూసే పనే లేదు. రీమర్ లేకుండా ఉత్త డ్రిల్లుతో చేస్తే రంధ్రం కాస్త పెద్దదై పిన్ను ఊగుతుంది, అప్పుడు చేసిన శ్రమ వృథా. రీమర్ లేకపోతే లేత్ షాపు వాళ్లతో చేయించుకోండి.

ఆ మొదటి 45ను ఎలా కూర్చోబెట్టాలి? ఇంజనీరింగ్ డ్రాయింగ్ విద్యార్థులు వాడే పెద్ద సెట్ స్క్వేర్ ఒకటి కొనండి. బ్లేడుకు పూర్తి బిగువు ఇచ్చి, కరెంటు ప్లగ్గు తీసేసి, హెడ్డును బెడ్ దగ్గరికి దించండి. సెట్ స్క్వేర్ ఒక అంచు బ్లేడు వంటికి, ఇంకో అంచు దవడకు ఆనాలి. అంచు బ్లేడు పళ్లకు తగలకూడదు, పళ్లు పక్కలకు విచ్చుకుని ఉంటాయి కాబట్టి కొలత మోసం చేస్తుంది. వేరే కోణాలకు 3 మి.మీ. రేకుతో మూసలు చేసుకోవచ్చు. లంబకోణ త్రిభుజంలో ఒక భుజం 300 మి.మీ. పెట్టుకుంటే, రెండో భుజం 15 డిగ్రీలకు 80.4, 22.5 డిగ్రీలకు 124.3, 30 డిగ్రీలకు 173.2 మి.మీ. వస్తుంది. స్క్రైబర్‌తో సన్నగా గీసి, ఆకురాయితో గీత వరకు తెచ్చుకుంటే ఏ స్కేలు కంటే అవే నమ్మకం.

కదిలే దవడ గురించి ఒక మాట. కోణాన్ని నిర్ణయించేది స్థిర దవడే. రెండో దవడ కాస్త అటూ ఇటూ తిరిగి ట్యూబుకు తనంతట తాను సర్దుకోవాలి. దాన్ని కూడా గట్టిగా బిగించేస్తే రెండు దవడలూ పోట్లాడి ట్యూబును మెలిపెడతాయి. చిన్న ముక్క దవడ ఒక కొసలో పట్టాల్సి వస్తే, రెండో కొసలో అదే సైజు ముక్క పెట్టండి. ట్యూబు లోపలి వెల్డింగ్ అతుకు ఉన్న ముఖం ఒక్కోసారి కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ ముఖాన్ని స్థిర దవడ వైపు పెట్టకుండా సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. ఇక ఇనప రజను: 100 మి.మీ. దవడ ఒక చివర 0.2 మి.మీ. రజను ఇరుక్కుంటే పదో వంతు డిగ్రీ పోయినట్టే. ప్రతి ముక్కకూ ఒక బ్రష్షు దెబ్బ వేయండి.

ఏ రకమైనా బ్లేడు సరిగా లేకపోతే ఒక్కటే

కోణం పైనుంచి చూస్తే సరిగ్గా ఉండి, పక్కనుంచి చూస్తే కోత వాలుగా ఉంటే తప్పు వైసుది కాదు, బ్లేడుది లేదా దాన్ని రెండు పక్కలా పట్టి నడిపే గైడు బేరింగులది. మనుషులు ఈ రెంటినీ కలగలిపి దవడను సవరిస్తూ రోజంతా పోగొట్టుకుంటారు. ముందు 90లో, బ్లేడు వంటికి మూలమట్టం పెట్టి అది బెడ్‌కు నిలువుగా ఉందో లేదో చూడండి. లేకపోతే గైడు బేరింగుల ఎక్సెంట్రిక్ బోల్టులు (తిప్పితే బేరింగును పక్కకు జరిపేవి) తిప్పి సరిచేయాలి. 90 కుదరని మెషీన్‌లో 45 కుదరదు.

బిగువు సంగతి. చిన్న 4×6 అంగుళాల మెషీన్లలో బ్లేడు 13 మి.మీ. వెడల్పు, 0.64 మి.మీ. మందం, 1,638 మి.మీ. పొడవు ఉంటుంది. తర్వాతి తరగతిలో 7×12 అంగుళాల మెషీన్ల బ్లేడు 20 మి.మీ. వెడల్పు, 0.9 మి.మీ. మందం. వెడల్పు పెరిగేకొద్దీ బ్లేడు కోతలో విల్లులా వంగడం తగ్గుతుంది. నిర్ణయం ఈ రెండు సైజుల మధ్య ఆగిపోతే, డబ్బు సర్దుబాటైన వాళ్లకు నేను 20 మి.మీ. బ్లేడు మెషీనే చెబుతాను. బిగువు కొలవడానికి ఖరీదైన గేజి అక్కర్లేదు. బ్లేడు వదులుగా ఉన్నప్పుడు వెర్నియర్ రెండు దవడలనూ 150 మి.మీ. దూరంలో చిన్న క్లాంపులతో బ్లేడుకు పట్టించండి. బిగిస్తూ పోతే ఆ దూరం 0.10 నుంచి 0.15 మి.మీ. పెరిగిన దగ్గర చిన్న మెషీన్‌కు మంచి బిగువు వచ్చినట్టు. పని అయ్యాక రాత్రికి వదులు చేయండి.

పళ్ల సంఖ్య మీద అందరికీ తెలిసిన సూత్రం, ఎప్పుడూ కనీసం మూడు పళ్లు లోహంలో ఉండాలన్నది. 3 మి.మీ. గోడ ట్యూబును 45లో కోస్తే పక్క గోడ బ్లేడుకు 4.2 మి.మీ. మందంగా కనిపిస్తుంది. అంగుళానికి 18 పళ్ల బ్లేడులో రెండు పళ్ల మధ్య దూరం 1.4 మి.మీ. కాబట్టి సరిగ్గా మూడు పళ్లు పడతాయి. 14 పళ్లదైతే రెండు దాటి కాస్త, నెమ్మదిగా దించితే నడుస్తుంది. అందుకే ట్యూబు పనికి 14/18 మార్పుపళ్ల (పళ్ల దూరం ఆ రెండు అంకెల మధ్య మారుతూ ఉండే) బైమెటల్ (ఉక్కు పట్టీకి ఇంకా గట్టి పళ్ల అంచు అతికిన) బ్లేడు మంచి రాజీ. నిండు రాడ్లకు అదే వాడితే పళ్ల మధ్య రజను నిండి బ్లేడు పక్కకు పోతుంది, దానికి తక్కువ పళ్లది వేరే ఉంచుకోండి.

దించే వేగం చేతి బరువు మీదో స్ప్రింగు మీదో కాకుండా హైడ్రాలిక్ సిలిండర్ మీద ఉన్న మెషీన్‌కు కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. ట్యూబు పై గోడ కోసేటప్పుడు బ్లేడుకు మొత్తం వెడల్పు పని ఉంటుంది. అది దాటగానే రెండు పక్క గోడలే మిగులుతాయి, భారం ఒక్కసారిగా తగ్గి హెడ్డు ధబేలున దిగుతుంది. పళ్లు ఊడేదీ, కోత వంకర పోయేదీ ఆ క్షణంలోనే. సిలిండర్ ఆ పడుపును ఆపుతుంది. గైడు బేరింగును మోసే చెయ్యిని కూడా ముక్కకు వీలైనంత దగ్గరగా జరపాలి. 45 కోసం దాన్ని వెనక్కి తీసి, మళ్లీ 90కి వచ్చినప్పుడు దగ్గరికి జరపడం మరిచిపోవడం మా షెడ్డులో తరచూ జరిగే తప్పు.

ఒక్క కోతతో పరీక్ష

మెషీన్ చూడటానికి వెళ్లేటప్పుడు రెండు అడుగుల 50×50 ట్యూబు ముక్క, ఒక మంచి మూలమట్టం వెంట తీసుకెళ్లండి. ట్యూబును మధ్యలో 45లో ఒకే కోతగా కోయించండి. రెండు ముక్కల్లో ఒకదాన్ని దాని మీద అదే తిప్పి బోర్లా పెట్టి, కోసిన ముఖాలను కలిపితే ఎల్ ఆకారం వస్తుంది. లోపలి మూలలో మూలమట్టం పెట్టండి. కోతలో అర డిగ్రీ తప్పుంటే ఇక్కడ ఒక డిగ్రీగా కనిపిస్తుంది. ఒక డిగ్రీ అంటే 100 మి.మీ.కు 1.75 మి.మీ., కంటికే తెలుస్తుంది.

అదే ముక్కల్ని చదునైన చోట పెట్టి గట్టిగా నొక్కి పట్టుకుని, కలిసిన గీతను పైనుంచి, కింది నుంచి చూడండి. పైన మూసుకుని కింద సందు ఉంటే, లేదా తిరగేసి ఉంటే, బ్లేడు వాలుతోంది. ఈ తప్పు కూడా రెట్టింపై కనిపిస్తుంది. ఒకే కోతలో రెండు తప్పులూ బయటపడే పరీక్ష ఇది. కొన్నాక కూడా బ్లేడు మార్చిన ప్రతిసారీ చేస్తాను.

ఒక్క కోతతో ఆగకుండా, హెడ్డును 45కు తిప్పి, 90కు తెచ్చి, మళ్లీ 45కు తిప్పి ఇంకో ముక్క కోయించండి. మొదటి కోత బాగుండటం డీలరు ముందే సరిచేసి పెట్టినందువల్ల కావచ్చు. తిప్పి తెచ్చాక వచ్చే రెండో కోత బాగుంటేనే ఆ మెషీన్ మీ షెడ్డులో ఉపయోగపడుతుంది.

డిగ్రీలు ఎక్కడి నుంచి లెక్క

మెషీన్ ఎంత మంచిదైనా పెట్టిన అంకె తప్పైతే ముక్క వృథా. బ్యాండ్‌సా స్కేలు మీద సున్నా అంటే తిన్నని కోత, నేను పైన 90 అన్నది అదే. ట్యూబు పొడవు నుంచి కొలిచిన 60 డిగ్రీలు ఆ స్కేలు మీద 30. మెట్ల రెయిలింగ్ దగ్గర ఈ గందరగోళం ఎక్కువ. మెట్టు ఎత్తు 6 అంగుళాలు, వెడల్పు 10 అంగుళాలైతే వాలు దాదాపు 31 డిగ్రీలు. వాలు గొట్టం నిలువు స్తంభానికి ఆనేచోట కోత 31. అదే వాలు గొట్టం ల్యాండింగ్ మీది అడ్డ గొట్టంతో కలిసేచోట మాత్రం మలుపు 31 కాబట్టి ఒక్కో గొట్టానికి సగం, 15.5. రెండింటికీ 31 పెట్టి స్టెయిన్‌లెస్ గొట్టం పాడుచేసుకున్నవాళ్లను చూశాను. 31కి రేకు మూస కూడా సులువే, 300కు 180, మెట్టు కొలతే పది భాగాలకు ఆరు భాగాలుగా దిగుతుంది. 15.5కి 300కు 83.2.

ఎవరికి ఏది

నెలకు పది, పదిహేను ఫ్రేములు, ఎక్కువగా చదరపు ట్యూబు, షెడ్డు చిన్నది, సింగిల్ ఫేజు కరెంటు: వైసు తిరిగే రకం తీసుకుని, మిగిలిన డబ్బుతో మంచి బైమెటల్ బ్లేడ్లు రెండు, రోలర్ స్టాండులు రెండు కొని, మొదటి వారంలోనే పిన్ను రంధ్రాలు వేయించుకోండి. అలా చేయని ఖరీదైన మెషీన్ కంటే అలా చేసిన ఈ మెషీన్ మూలలే బాగా కలుస్తాయి. ఇది నా షెడ్డులో చూసిన సంగతి.

రోజూ నిండు ట్యూబుల నుంచి 45లు తీసేవాళ్లు, షెడ్డు వెడల్పు 15 అడుగుల లోపు ఉన్నవాళ్లు హెడ్డు తిరిగే రకానికే వెళ్లాలి. ఇక్కడ పొదుపు చేయబోయి వైసు రకం కొంటే ప్రతి ముక్కకూ రెండు కోతల శ్రమ ఎప్పటికీ వదలదు. యాంగిల్, చానల్ పని సగానికి మించితే రెండు వైపులా తిరిగేదాని కోసం ఆరు నెలలు ఆగి డబ్బు కూడబెట్టినా తప్పులేదు. పలచని ట్యూబు తప్ప ఇంకేమీ కోయనివాళ్లు, చప్పుడుకు అభ్యంతరం లేని పారిశ్రామిక వాడలో ఉన్నవాళ్లు బ్యాండ్‌సా ఆలోచన మాని డ్రై కట్ మెషీన్ చూడొచ్చు. కాకపోతే చాలా డ్రై కట్ మెషీన్లలో కూడా తిరిగేది వైసే, ట్యూబు తోక సమస్య అక్కడా ఉంటుంది.

రెండు స్తంభాల మీద నిలువుగా దిగే పెద్ద బ్యాండ్‌సాలు సెకండ్‌హ్యాండులో ఆకర్షణీయంగా కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం నిండు రాడ్లను తిన్నగా కోయడానికి చేసినవి, కోణం పనికి కాదు. సెకండ్‌హ్యాండ్ మెషీన్ ఏది చూసినా హెడ్డును సగం ఎత్తులో ఆపి, దాని కొసను చేత్తో పట్టుకుని పక్కలకు ఊపండి. కీలు దగ్గర టకటక మంటే బుష్షులు అరిగాయి, అవి మార్పించుకోవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించి అడగండి. తిరిగే పళ్లెం దగ్గర ఊగితే, పిడి బిగించాక కూడా ఊగితే, ఎంత తక్కువకు ఇచ్చినా వదిలేసి రండి. చివరగా బ్లేడు పొడవు అడిగి రాసుకుని, మీ ఊళ్లో బ్లేడు అతికి ఇచ్చే షాపుకు ఫోన్ చేసి, ఆ పొడవులో 14/18 బైమెటల్ దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.